జానయ్య ఇచ్చేసిన ఏడుపు

మనిషి పోయిన ఇంటికి చుట్టాలకన్నా ముందు వచ్చేవాళ్లు కొందరుంటారు. టెంట్ హౌస్ వాడు, ఫ్లెక్సీ వాడు, ఫ్రీజర్ పెట్టె వాడు. కొన్నేళ్లుగా ఆ వరసలో జానయ్య కూడా చేరాడు. దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్బీ నగర్ దాకా, ఇటు చంపాపేట్ దాకా, ఎవరింట్లో ఎవరు కన్నుమూసినా చితి చల్లారకముందే ఆయన ఫోన్ మోగేది. "జానన్నా, మా నాయిన పోయిండు. దినం నాటికి పాట గావాలె" అని.

చచ్చిపోయిన వాళ్ల మీద పాటలు కట్టడం జానయ్య పని. ఫలానా ఊళ్లో పుట్టినావు, లారీ తోలి బిడ్డలను సాకినావు, మమ్మల్ని ఇడిసి ఎటు పోయినావు అంటూ పాడి రికార్డు చేసి ఇస్తాడు. దశదిన కర్మ రోజు ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద పోయినాయన ఫొటోలు ఒక్కొక్కటీ వస్తుంటే వెనక ఆ పాట మోగుతుంది. మటన్ ముక్క నోట్లో పెట్టుకున్న చుట్టం కూడా నమలడం ఆపి కళ్లు తుడుచుకోవాలి. తుడుచుకోకపోతే పాట కుదరలేదని లెక్క. ఇదేం పాడు పని అని మూతి తిప్పేవాళ్లు ఉన్నారు. తిప్పనివ్వండి. వాళ్లింట్లో ఎవరైనా పోయిననాడు మొదట చేసే ఫోన్ మాత్రం జానయ్యకే.

ఈ విద్య తల్లి దగ్గర్నుంచి వచ్చింది. నల్లగొండ జిల్లాలో, మునుగోడు దిక్కు వాళ్ల పల్లె. చుట్టుపక్కల ఎవరు పోయినా ఆ తల్లికి కబురు వచ్చేది, వచ్చి ఏడవమని. శవం పక్కన కూర్చుని మాటలు కట్టి రాగం తీసిందంటే పోయినవాళ్లతో ఏళ్ల తరబడి మాటల్లేని వదినలు కూడా గుండెలు బాదుకోవాల్సిందే. కానీ ఆమెకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఏడుపు అయిపోయాక గడప బయట నిలబడి కాళ్ల మీద నీళ్లు పోసుకుని, ఇంటివాళ్లందరూ వినేలా అనేది: "మీ ఏడ్పు మీకే ఇడిసిపోతున్న. నా ఇంటికి తీస్కపోను. ఇగ నాకు దీంతోని సంబంధం లేదు." అలా అనకపోతే ఏడుపు వెంటబడి వచ్చి, ఏడ్చినావిడ ఇంట్లోనే మనిషిని పట్టుకుపోతుందని భయం. ఇక రెండోది, ఒకింటి ఏడుపు ఇంకో ఇంట్లో ఏడవకూడదు. ఎవరి మాటలు వాళ్లవి, ఎవరి రాగం వాళ్లది.

జానయ్య మొదటిదాన్ని తల్లికన్నా గట్టిగా పట్టుకున్నాడు. పాట అప్పజెప్పేటప్పుడు గేటు బయటే నిలబడేవాడు. చెప్పులు విడిచి, సీసాలో నీళ్లు కాళ్ల మీద పోసుకుని, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి ఆ మాటలే అనేవాడు. "గీ పాట ఇగ మీదే. నాకు దీంతోని సంబంధం లేదు." ఇంటికొచ్చి కంప్యూటర్‌లోంచి ఆ పాట తుడిచేసేవాడు. చచ్చినవాళ్ల పాట ఇంట్లో ఉంచుకోకూడదు. నలుగురూ వినాలని ఆన్‌లైన్‌లో తన ఛానెల్లో మాత్రం పెట్టేవాడు. అదేమీ ఇల్లు కాదు కదా, అక్కడుంటే దోషం లేదని ఆయన తీర్మానం.

రెండో కట్టుబాటును మాత్రం గాలికొదిలేశాడు. అందరి పాటలకూ ఒకటే బాణీ, ఒకటే డప్పు, ఒకటే రాగం. పేర్లు మార్చేవాడు, ఊళ్లు మార్చేవాడు, అంతే. కూతురు జ్యోతిక ఒకసారి అడిగితే పకపకా నవ్వాడు. "సావు ఒక్కటేనాయె బిడ్డా. దానికి ఎన్ని రాగాలు కట్టాలె?"

ఆ రాగం భార్య భూలక్ష్మిది.

భూలక్ష్మి చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. పాడటమంటే ఆమెకు సిగ్గు. ఒకరోజు జానయ్యకు సద్ది తెచ్చింది. ఆ పూట ఏడుపు రాగం తీయాల్సిన పాటగత్తె రాలేదు, జానయ్య పరేషాన్‌గా గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "జర నువ్వు తియ్యరాదు" అన్నాడు. ఆమె టిఫిన్ డబ్బా కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరి కోసమో ఏమో, రాగం తీసింది. మాటలు లేవు. ఊరికే గొంతు. తీసీ తీసీ, ఊపిరి అందక ఆపి, మైకు ఇంకా నడుస్తోందని తెలియక ఇటు తిరిగి "చాలా?" అని అడిగింది. "చాలు" అన్నాడు జానయ్య. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి.

ఆ ఒక్క రాగమే ఆ తర్వాత ఎన్ని ఇళ్లల్లో ఏడ్చిందో! ఏ ఇంట్లోనూ భూలక్ష్మి కాలుపెట్టలేదు. హాస్టల్లో చపాతీలు ఒత్తుకుంటూనే తూర్పు హైదరాబాద్ సగం చావులకు ఏడ్చేసింది.

అలాంటిది ఆమే పోయింది. జ్వరమన్నారు, దవాఖానలో చేర్చారు, ఎక్కించే సీసాలు ఎక్కించారు, మళ్లీ ఇంటికి రాలేదు. రెండో కట్టుబాటు తప్పినందుకేనని జానయ్య అక్క అందరి ముందూ అనేసింది. జానయ్య ఆమెను గేటు బయటికి నెట్టినంత పని చేశాడు. తర్వాత తలుపేసుకుని భార్య మీద పాట కట్టాడు. రాగం ఎలాగూ ఉంది, ఆమెదే. తన చావుకు తానే ఏడ్చుకున్నట్టయింది, ఖర్మ! ఆ ఒక్క పాటలో మాత్రం చివరి "చాలా?" కత్తిరించకుండా ఉంచాడు. తన "చాలు" తీసేశాడు.

పాట ఛానెల్లో పెట్టి, ఎప్పటిలా కంప్యూటర్‌లోంచి తుడవబోయాడు. జ్యోతిక అడ్డం పడింది.

"నాయినా, అమ్మది ఒక్కటన్న ఇంట్ల ఉంచుకుందాం. నా ఫోన్‌ల ఏసుకుంట."

"సచ్చినోళ్ల పాట ఇంట్ల ఉంటే ఏమైతదో ఎర్కనేనా? నాకు నువ్వొక్కదానివే మిగిలినవ్" అని అరిచాడు జానయ్య. తుడిచేశాడు. పిల్ల మీద ప్రేమతోనే తుడిచాడు, ఆ మాట కూడా చెప్పాలి.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మొహం కడగకముందే ఫోన్‌లో ఆ పాట పెట్టుకునేవాడు. చివర్లో భూలక్ష్మి "చాలా?" అనేది. జానయ్య "చాలు" అనేవాడు. అప్పుడు లేచి చాయ్ పెట్టుకునేవాడు. ఆమె మాట అంటూ ఆయనకు మిగిలింది ఆ ఒక్కటే. మరుసటి వానాకాలం గల్లీలోకి నీళ్లొచ్చి కింది గదిలోని కంప్యూటర్ మునిగిపోయింది. రాగం పోయిందని జ్యోతిక ఏడిస్తే, "ఛానెల్‌ల ఉన్నది గద, గాడికెళ్లి తీస్కుందాం" అన్నాడు ధీమాగా. అలాగే పాట పాటకూ అక్కడినుంచి తీసుకునేవాడు, పనవగానే దాన్నీ తుడిచేసేవాడు.

ఇలా ఉండగా చంపాపేట్‌లో బిక్షమయ్య పోయాడు. ఆయన కొడుకు యోగేందర్‌కు ఎల్బీ నగర్‌లో నల్లాలు, టైల్స్ అమ్మే దుకాణం ఉంది. నాయిన మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. పాట బ్రహ్మాండంగా కుదిరింది. దినం నాడు హాల్లో ముసలీముతకా అందరూ ఏడ్చారు. బిక్షమయ్య భార్య సుమిత్రమ్మ మాత్రం తెర వంక చూస్తూ కొయ్యబారిపోయి కూర్చుంది. అంతకుముందు గేటు దగ్గర జానయ్య కాళ్ల మీద నీళ్లు పోసుకుని పెన్‌డ్రైవ్ ఇస్తుంటే, ఇంటి అల్లుడు సాయికుమార్ ముచ్చటపడి అంతా ఫోన్‌లో వీడియో తీశాడు. అతనిది విజయవాడ వైపు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మర్యాదస్తుడు, పనిపిల్లను కూడా 'అండీ' అంటాడు.

కొన్నాళ్లకు దరిద్రం మొదలైంది. చైతన్యపురిలో మగపిల్లల హాస్టల్ కుర్రాళ్లెవరో ఆ పాటకు డీజే కలిపారు. బిక్షమయ్య ఫొటోకు నల్ల కళ్లద్దాలు తగిలించారు. భూలక్ష్మి రాగం వచ్చేచోట లుంగీలు ఎగగట్టి మేడ మీద స్టెప్పులేశారు. వాళ్లను చూసి ఇంకొకళ్లు, వాళ్లను చూసి మరొకళ్లు. ఎవడి ఫోన్ తెరిచినా చచ్చిన బిక్షమయ్య కళ్లద్దాలతో ఊగుతున్నాడు. "మీ ఆయన మస్తు ఫేమస్ అయిండు గదమ్మా" అని పక్కింటి పిల్ల సుమిత్రమ్మకు చూపించింది. ఆమె చూసింది. ఆ పూట నుంచి అన్నం ముట్టడం మానేసింది.

యోగేందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. జానయ్యకూ ఎక్కింది. భూలక్ష్మి ఏడుపు మీద కోతుల్లా గెంతుతుంటే ఎవరికి మండదు? ఇద్దరూ తన్నడానికి బయల్దేరబోతే సాయికుమార్ ఆపాడు.

"గొడవెందుకండీ? పాటని ఒక డిజిటల్ కంపెనీ ద్వారా మావయ్యగారి పేరు మీద రిజిస్టర్ చేయిద్దాం. ఇక మిషనే చూసుకుంటుంది. ఆ పాట ముక్క ఎక్కడ వినిపించినా పట్టుకుని తీసేస్తుంది. జానయ్యగారూ, మీకేమైనా అభ్యంతరమా?"

"నాదెక్కడిది సార్? ఆనాడే ఇడిసిపెట్టిన గద, మీరే వీడియో తీస్తిరి" అన్నాడు జానయ్య ఊగిపోతూ. "పట్టుకోండ్రి కొడుకుల్ని. ఒక్కన్ని గూడ ఇడ్వకుండ్రి."

మిషన్ నిజంగానే పట్టుకుంది. చూస్తుండగానే కళ్లద్దాలు మాయమైపోయాయి, లుంగీలు మాయమైపోయాయి. కుర్రాళ్లు తిట్టుకున్నారు, నవ్వుకు కూడా స్వేచ్ఛ లేదా అని ఎవడో పెద్ద వ్యాసమే రాశాడు. సుమిత్రమ్మ అన్నం తిన్నది. జానయ్య ఛాతీ విరుచుకుని దిల్‌సుఖ్‌నగర్ చాయ్ బండి దగ్గర నలుగురికీ కథ చెప్పాడు. "పాట అంటే ఏమనుకుండ్రు బిడ్డా? దానికి చట్టమున్నది" అన్నాడు, ఆ చట్టమేదో తానే రాసినట్టు.

ఆ వారంలోనే సౌజన్య జానయ్యను వెతుక్కుంటూ ఆయన గల్లీకి వచ్చింది. నర్సింగ్ చదివే పిల్ల. భూలక్ష్మి వంట చేసిన హాస్టల్లోనే ఉంటుంది, ఆమె చేతి అన్నం తిన్నది. వాళ్ల నానమ్మ పోతే, పరీక్షల వల్ల ఊరికి పోలేక, భూలక్ష్మి పాటలోంచి రాగం తీసుకుని దాని మీద తన మాటలు పాడి ఆన్‌లైన్‌లో పెట్టుకుంది. మిషన్ దాన్నీ తీసేసింది.

"అంకుల్, నేను డ్యాన్సులు చెయ్యలే. మా నానమ్మ కోసం పాడిన. ఆంటీ రాగం వింటుంటే మా నానమ్మే యాదికొస్తది. ఆఖర్న ఆంటీ 'చాలా' అంటది సూడు, అది గూడ తియ్యలే నేను. మీరు బిక్షమయ్య ఇంటోళ్లకు ఒక మాట చెప్తే మళ్ల పెడ్తరంట."

అప్పటికి జానయ్య కాళ్లు భూమి మీద లేవు. పక్కన గల్లీవాళ్లు ఇద్దరు ఆయనతో చాయ్ తాగుతూ వింటున్నారు కూడా.

"నిన్ను ఇడిస్తే వాళ్లను గూడ ఇడ్వాలె. చట్టం అందరికీ ఒక్కటే. మందిది తీస్కొని పాడుడు దొంగతనమే అయితది, నానమ్మ కోసమైనా తాత కోసమైనా."

"మరి నా ఫోన్‌ల ఉన్నది?"

"అది గూడ ఉంచొద్దు. సచ్చినామె గొంతు ఫోన్‌ల పెట్టుకొని తిరుగుతవా? తుడిచెయ్. నా ముంగటనే తుడువు."

పిల్ల కళ్లనిండా నీళ్లతో ఆయన ముందే తుడిచేసింది. జానయ్య తల ఊపి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

తర్వాత ఒక పొద్దున్న జానయ్య ఎప్పటిలా మొహం కడగకముందే ఫోన్ తెరిచాడు. భూలక్ష్మి పాట లేదు. ఉండాల్సినచోట నల్ల తెర, దాని మీద నాలుగు ముక్కలు. కింద వెతికాడు. ఇంకో పాట లేదు. మరోటీ లేదు. జ్యోతికను కేకేశాడు. ఆ పిల్ల ఫోన్ తీసుకుని చూసి చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఛానెలే లేదు నాయినా. మొత్తం లేపేసిండ్రు. బిక్షమయ్య పాట దొంగతనం చేసినమంట."

పాపం మిషన్‌కేం తెలుసు? పట్టుకోమన్న ముక్కను పట్టుకుంది. బిక్షమయ్య పాటలో ఒక ఆడగొంతు ఏడుస్తోంది. జానయ్య పాటల్లో ఎక్కడ వెతికినా అదే గొంతు ఏడుస్తోంది. బిక్షమయ్యదే అసలు, మిగిలినవన్నీ నకళ్లు అనుకుంది. అందులో భూలక్ష్మి పాట కూడా ఒకటి. భూలక్ష్మి, బిక్షమయ్య గొంతు దొంగిలించింది!

జానయ్య చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా చంపాపేట్ పరుగెత్తాడు. యోగేందర్ దుకాణానికి పోబోతూ గేటు దగ్గరే కనిపించాడు. విన్నాడు, నొచ్చుకున్నాడు. "అరె, గట్లెట్లయితది అన్నా? సాయికి చెప్తగా" అన్నాడు. లోపలికి తీసుకుపోయాడు. సాయికుమార్ కుర్చీ వేసి మంచినీళ్లిచ్చి అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఒక్కటి వదిలితే మిషన్‌కి గురి తప్పుతుందండీ. ఆ రాగం మాది కాదని మేమే ఒప్పుకున్నట్టవుతుంది. మళ్లీ ఆ కుర్రాళ్లు పైకొస్తారు. అయినా పాటతో మీకు సంబంధం లేదని మీ నోటితో మీరే అన్నారు కదా. కంపెనీకి ఆ వీడియోనే ఇచ్చాం."

ఫోన్ తిప్పి చూపించాడు. అందులో జానయ్య గేటు బయట నిలబడి కాళ్ల మీద నీళ్లు పోసుకుంటున్నాడు. గొంతు స్పష్టంగా వినబడుతోంది. గీ పాట ఇగ మీదే. నాకు దీంతోని సంబంధం లేదు.

"అది మా అమ్మ మాట సార్. ఏడ్పు ఎంట రావద్దని అంటం. రాగం ఇచ్చేసినట్టా?"

"మీ మనసులో ఏముందో వాళ్లకెలా తెలుస్తుందండీ?" అన్నాడు సాయికుమార్, ఎంతో మర్యాదగా.

జానయ్య లేచి సుమిత్రమ్మ దగ్గరికి పోయాడు. ఆమె లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఇంట్లో ఆమె మాటే చెల్లుతుందని ఆయనకు తెలుసు. గడప దగ్గర కింద కూలబడ్డాడు.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. పాటల రాగం తీసింది నా భార్య. గా గొంతు ఆమెది. ఆమె సచ్చిపోయింది. ఆమె పాట గూడ పోయింది. ఒక్క మాట చెప్పు, ఇడిసిపెడ్తరు."

సుమిత్రమ్మ మొహం విప్పారింది. "నీ పెండ్లామా ఆమె? ఎంత ఏడ్సిందయ్యా మా ఆయన కోసం! ముందే ఎందుకు చెప్పలే? తోల్కొస్తే చేతులు పట్టుకొని దండం పెడ్దును. ఎప్పుడు పోయింది?"

"మీ ఆయనకన్న ముందే పోయిందక్కా."

"ముందే పోతే మా ఆయనకెట్ల ఏడ్సింది?"

జానయ్యకు అప్పుడు తెలిసింది తానెక్కడ కాలు పెట్టాడో. వెనక్కి తీసుకునే వీలు లేదు.

"ఎన్నడో తీసిన రాగమక్కా. అందరి పాటలకు గదే పెడ్త."

గుమ్మంలో నిలబడ్డ యోగేందర్ ఏదో అనబోతే సుమిత్రమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నాకు ఏడ్పు రాలే జానయ్యా" అంది. "అంతమంది సూస్తుండ్రు, మొగడు పోతే కండ్లల్ల నీళ్లు లేవని గుసగుసలు పెడ్తుండ్రు. నాకు రాలే. ఏంజేద్దు? పాటల ఆమె ఏడుస్తుంటే, నా బదులు ఏడుస్తున్నదనుకున్న. ఆమెకైన మా ఆయన మంచితనం ఎర్కయిందనుకున్న. రోజు గా పాట ఇనుకుంటనే పంటున్న. నువ్వేమో ఊరందరికీ ఏడ్సిన ఏడ్పు తెచ్చి మాకిచ్చినవా? మంది కట్టి ఇడ్సిన చీర ఇచ్చినట్టు?"

"తప్పయింది అక్కా."

"సాయీ" అని కేకేసింది సుమిత్రమ్మ. "ఇడ్వకు. ఇప్పటిదాంక అందరికి ఏడ్సింది సాలు. ఇగనన్న ఆ గొంతు మా ఆయన ఒక్కనికే ఏడ్వని."

ఆమెను తిడదామా? తిట్టడానికి నాకైతే నోరు రావడం లేదు. జానయ్యకూ రాలేదు. తల్లి చెప్పిన రెండో కట్టుబాటు ముసలామె నోట విని, తల వంచుకుని బయటికొచ్చాడు.

జ్యోతిక ఊరుకోలేదు. ఎవరెవరినో అడిగి వచ్చింది. "మనం గూడ వాళ్లకు ఎదురు కంప్లైంట్ పెట్టొచ్చంట నాయినా. రాగం అమ్మదేనని ఒక్క సాక్ష్యం సూపియ్యాలె. అమ్మ మాట్లాడింది ఉన్న అసలు రికార్డింగ్ ఉంటే సాలంట. ఆఖర్న 'చాలా' అన్నది సూడు, అది ఎవ్వల దగ్గర ఉండదు గదా, మన దగ్గర తప్ప."

మన దగ్గర లేదు. అసలు రికార్డింగ్ వాననీళ్లల్లో పోయింది, పాటను కంప్యూటర్‌లోంచి జానయ్యే తుడిచాడు, జ్యోతిక ఫోన్‌లోకి పోనివ్వలేదు. ఛానెల్ పోయింది. ఇక ఎవరి దగ్గరుంది అని తల పట్టుకుని కూర్చున్న జానయ్య ఒక్కసారిగా లేచి చెప్పులేసుకున్నాడు. సౌజన్య!

చైతన్యపురి హాస్టల్ గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాడు. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. ఆ పిల్ల తెల్ల కోటు చేతి మీద వేసుకుని కాలేజీ నుంచి వచ్చింది.

"బిడ్డా, నీ ఫోన్‌ల ఆంటీ రాగం ఇంకేడనన్న ఉన్నదా? 'చాలా' అన్నది?"

సౌజన్య ఆయన వంక వింతగా చూసింది. "మీరే గద అంకుల్ తుడిపిచ్చిండ్రు. మీ ముంగటనే."

"మళ్ల తీస్కునేతందుకు రాదా?"

"ఆ రోజు అడుక్కునేటోళ్ల లెక్క మీ గల్లీకి వస్తి. ఆంటీ రాగం ఇంటే మా నానమ్మ యాదికొస్తదని చెప్తి" అంది ఆ పిల్ల. గొంతులో కోపం లేదు, అదే ఘోరం. "ఫోన్ గూడ మార్చిన అంకుల్. లేదు." దండం పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత జానయ్య ఇల్లిల్లూ తిరిగాడు. తాను పాట కట్టిచ్చిన ఇళ్లన్నీ. "చాలా" లేకపోతేనేం, కనీసం రాగమైనా దొరుకుతుందేమోనని. ఒకరింట్లో పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టారో తెలియదు. ఒకరు అందులో కొడుకు పెళ్లి వీడియో నింపుకున్నారు. ఒకాయన కారులో సినిమా పాటలు వేసుకుని వింటున్నాడు అదే పెన్‌డ్రైవ్ పెట్టి. "ఇంకా దాస్తరా అన్నా, మా నాయిన పోయి ఏండ్లాయె" అన్నాడు ఒకడు నవ్వుతూ. ఆనాడు హాల్లో తలబాదుకున్నవాడే వాడు. ఆ ఏడుపంతా దినం భోజనంతోనే అరిగిపోయిందని జానయ్యకు తెలిసింది, ఆలస్యంగానైనా.

పని కూడా పోయింది. "మీ పాట పెడ్తే కేసైతదంట గదా" అని కొత్తవాళ్లు రావడం మానేశారు. జ్యోతిక బట్టల షాపులో చేరింది. జానయ్య పొద్దున్నే లేచి ఫోన్ చేతిలోకి తీసుకునేవాడు, మళ్లీ దిండు కింద పెట్టేసేవాడు. మొహం కడుక్కోవడానికి ఆయనకు పొద్దెక్కిపోయేది.

ఏడాది తిరిగి బిక్షమయ్య సంవత్సరీకం వచ్చింది. యోగేందర్ చెడ్డవాడేమీ కాదు. ఫోన్ చేశాడు. "అన్నా, భోజనానికి రా. పాట గూడ పెడ్తున్నం. వదినె గొంతు ఇని పో." జ్యోతిక వద్దంది, చెయ్యి పట్టుకుని ఆపింది. జానయ్య చెవిన పెట్టలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, పెళ్లిచూపులకు పోయేవాడిలా ఎల్బీ నగర్ ఫంక్షన్ హాల్‌కు పోయి చివరి వరసలో చెప్పులు విడిచి కూర్చున్నాడు.

లైట్లు తగ్గించారు. తెర మీద బిక్షమయ్య వచ్చాడు. జానయ్య పాట మొదలైంది. ముందు తన గొంతు, ఆ వెనక డప్పు. తర్వాత భూలక్ష్మి అందుకుంది.

జానయ్య కళ్లు మూసుకున్నాడు. హాలు లేదు, చుట్టాలు లేరు. టిఫిన్ డబ్బా కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె నిలబడి ఉంది. "ఎవరో గని మస్తు ఏడ్సింది తల్లి" అంటోంది పక్క కుర్చీ ఆవిడ. "వాళ్ల సొంత పాటనంట, ఇంకెవ్వలు వాడొద్దంట" అంటోంది ఇంకో ఆవిడ. రాగం పైకి పోయింది, అక్కడ వణికింది, కిందికి దిగింది, ఊపిరి అందక ఆగింది. ఇప్పుడు ఆమె ఇటు తిరుగుతుంది. ఇప్పుడు అడుగుతుంది.

తెర వైపు నుంచి ఏమీ వినబడలేదు. మంది పాటల్లోంచి ఆ "చాలా?" కత్తిరించింది ఆయనే కదా.

"చాలు" అన్నాడు జానయ్య.

నోరు దానంతటదే అనేసింది. గట్టిగానే అనేసింది. సద్దుమణిగి ఉన్న హాల్లో ఆ మాట ముందు వరస దాకా పోయింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. సుమిత్రమ్మ లేచి నిలబడింది.

"ఏంది సాలు?" అంది. "మా ఆయనకు ఏడ్సింది సాలంటవా? ఏడాదికొక్కపారి ఏడిస్తే గూడ ఓర్వలేకపోతున్నవా జానయ్యా?"

"కాదక్కా, నేను నిన్ను అనలే... ఆమె అడిగింది..."

"ఎవరు అడిగిండ్రు?"

జానయ్య తెర వైపు చెయ్యి చూపించాడు. అక్కడ బిక్షమయ్య పూలదండలో నవ్వుతున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. "తాగొచ్చిండు" అన్నారు ఇంకెవరో. సాయికుమార్ గబగబా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "బయటికి పదండి జానయ్యగారూ, ప్లీజ్, అందరూ చూస్తున్నారు" అంటూ మర్యాదగా, గట్టిగా, నడిపించుకుపోయి గాజు తలుపు వేశాడు. యోగేందర్ తల దించుకుని కూర్చుండిపోయాడు.

చెప్పులు లోపలే ఉండిపోయాయి. జానయ్య మెట్ల మీద నిలబడ్డాడు. లోపల సుమిత్రమ్మ గొంతు వినబడింది. "మళ్ల మొదటికెళ్లి పెట్టుండ్రి. నడుమల ఆగమయింది."

మళ్లీ మొదటి నుంచి పెట్టారు. తన గొంతు వచ్చింది, డప్పు వచ్చింది. జానయ్య గాజు తలుపుకు చెవి ఆనించాడు. సరిగ్గా భూలక్ష్మి అందుకునే వేళకు నల్లగొండ నుంచి వచ్చిన బస్సు ఒకటి హాలు ముందే ఆగి, దారి ఇవ్వని ఆటో మీద హారన్ కొట్టడం మొదలుపెట్టింది. రాగం అయిపోయేదాకా కొడుతూనే ఉంది.